‘దెసు’ అనకు అల్లుడూ!

“వారం నుంచీ జపనీస్ క్లాసుకి పోతున్నావుగా. ఇవాళే పరీక్ష,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ గతుక్కుమన్నాడు. చీఫ్ అతనికి సొంత మేనమామ. ఈ ఉద్యోగం వేయించిందీ ఆయనే, చేరిన రోజు నుంచీ ఏడిపిస్తున్నదీ ఆయనే.

“నాకు తెలుగే సరిగ్గా రాదు మావయ్యా!”

“మీ అమ్మ చెప్పిందిలేరా. విను. నీ పక్క కుర్చీలో కూర్చునే రాకెట్ సైంటిస్టుని ఇవాళ క్లాసు అవగానే విదేశీ ముఠా ఎత్తుకుపోతుంది. ఆయన కారుకి కొత్త డ్రైవర్ వచ్చాడు. వాడు వాళ్ళ మనిషి, జేబులో సైలెన్సర్ పిస్టల్. క్లాసు నిండా జనం ఉంటారు కాబట్టి నువ్వు వీరత్వం చూపించకు. మేం వచ్చేదాకా సైంటిస్టు లేవకూడదు. అంతే మిషన్.”

“మరి టీచరు?”

“ముఠా జీతగత్తె,” అన్నాడు మావయ్య, మీసం చాటున నవ్వుతూ.

సాయంత్రం ఏజెంట్ అంటించుకున్న గడ్డంతో క్లాసులో అడుగుపెట్టాడు. చొక్కా గుండీలో మైకు, చెవిలో ఇయర్‌పీస్, జేబులో మత్తు సూది పేల్చే పెన్ను.

“పెన్నులన్నీ బుట్టలో వేయండి. ఇవాళ మాట్లాడే క్లాసు,” అంది టీచరు. ఎర్ర లిప్‌స్టిక్, కత్తిలాంటి చూపు. ఉన్న ఒక్క ఆయుధమూ బుట్టపాలైంది.

గుమ్మంలో డ్రైవర్ తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు.

ఆ క్లాసుకో రూలుంది. ఒక్కొక్కరూ ఒక పొడుగాటి వాక్యం చెప్పాలి. చివరివాడు వాక్యం ముగిస్తే క్లాసు వదిలినట్టు. అంతదాకా ఎవరూ కుర్చీ దిగకూడదు. చివరివాడు మన ఏజెంటే.

జపనీస్‌లో ‘హిరోయి’ అంటే విశాలం. దాని తోక తీసేసి ‘కుతే’ తగిలిస్తే ‘విశాలంగా ఉండి...’ అని వాక్యం గాల్లో వేలాడుతుంది. ‘షిజుకా’, అంటే నిశ్శబ్దం, అలాంటి మాటలకైతే ‘దే’ తగిలించాలి. రైలు పెట్టెల్లా ఎన్నయినా కలుపుకుంటూ పోవచ్చు. చివర ‘దెసు’ అన్నామా, గార్డు పెట్టె వచ్చేసినట్టే, వాక్యం ముగిసినట్టే.

“ఈ గది గురించి చెప్పండి,” అంది టీచరు, అందరి వంతులూ అయ్యాక ఏజెంట్‌తో.

చెవిలో మావయ్య గొంతు: “ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాంరా! ‘దెసు’ అనకు అల్లుడూ!”

“కొనో హేయా వా హిరోకుతే... అకారుకుతే... షిజుకాదే... కిరేదే...”

ఈ గది విశాలంగా, వెలుతురుగా, నిశ్శబ్దంగా, శుభ్రంగా. సరుకు అయిపోయింది. గడ్డం కింద చెమట కారి జిగురు ఊడుతోంది.

“ఇంకా?” అంది టీచరు.

పిల్లి ఎలుకతో ఆడుకున్నట్టు ఆడుకుంటోంది రాక్షసి, అనుకున్నాడు.

“సెమాకుతే...”

సైంటిస్టు చటుక్కున తిరిగాడు. “ఇదేంటయ్యా! ఇందాక విశాలమన్నావు, ఇప్పుడు ఇరుకంటావు. ఎదురెదురు గుణాల్ని ‘కుతే’తో ముడిపెడతారా ఎక్కడైనా?”

“తప్పే సార్. మీరే కాస్త వివరంగా చెప్పండి, దండం పెడతా!”

ఆయన మహదానందంగా వివరించాడు. డ్రైవర్ వాచీ చూసుకుని ఒక అడుగు లోపలికేశాడు. చెయ్యి జేబులోకి పోయింది.

“మళ్ళీ మొదట్నించి చెప్పండి,” అంది టీచరు. ఆమె చూపు ఎందుకో గుమ్మం వైపు పోయింది.

“హిరోకుతే... అకారుకుతే...” ఏజెంట్‌కి ఏడుపొక్కటే తక్కువ. పక్కనున్న మనిషిని ‘లేవకండి’ అని హెచ్చరించే దారి కూడా లేదు.

“ఇంకా? ఇంకా?”

“జరగండి బాబూ, నీళ్ళ క్యాను!” గుమ్మంలో ఎవరో లుంగీ మనిషి. డ్రైవర్ పిస్టల్ తీసి ఎక్కుపెట్టేలోపే నిండు క్యాను వాడి పాదం మీద దబ్బున దిగింది. పిస్టల్ ఎగిరి పెన్నుల బుట్టలో పడింది. లుంగీ వెనకాల నలుగురు దూసుకొచ్చి వాణ్ణి బోర్లా పడేశారు.

“భలే సాగదీశావురా జీడిపాకంలా!” అన్నాడు లుంగీలోని మావయ్య.

“ముందు ఆ టీచర్ని పట్టుకో మావయ్యా!”

“ఎందుకురా? ఆవిడ మనమ్మాయే. ముఠా జీతం తీసుకుంటూ కబుర్లు మనకి చేరవేస్తుంది.”

ఆమె బల్లమీద కూలబడింది. “వాడు గుమ్మంలోనే ఉన్నాడు, నేనేం చెయ్యగలను? ‘ఇంకా, ఇంకా’ అని మిమ్మల్ని బతిమాలుకుంటున్నా. అర్థం కాలేదా?”

“నాకు ముందే చెప్పొచ్చుగా మావయ్యా!”

“చెబితే ఆవిడ్ని చూసి పళ్ళికిలించేవాడివి. నీ మొహం సినిమా పోస్టర్‌రా, కథంతా పైకే కనబడుద్ది.” ఆయన సైంటిస్టు వైపు తిరిగాడు. “గండం గడిచింది సార్, లేవండి.”

సైంటిస్టు కదల్లేదు. “ఎలా లేస్తానండీ? రూలు రూలే. ఇతగాడు వాక్యం ముగించలేదు.”

అందరూ ఏజెంట్ వైపు చూశారు. అతను నోరు తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ రెండక్షరాలు తప్ప జపనీస్ అంతా గుర్తుంది.