నలభైరెండో పన్ను

“ఇంకాసింత నోరు తియ్యి గులిజారమ్మా. ఇదే ఆకర్ది,” అంది పైడితల్లి.

డెబ్బై ఏళ్ల గులిజార్ బుద్ధిగా నోరు తెరిచింది. డాక్టర్ నీహారిక పెన్నులాంటి గొట్టాన్ని ఆమె దవడపన్నుకి ఆనించింది. చిన్న వెలుగు మెరిసింది, అంతే. బల్లమీది తెరలో కొండల పటం పరుచుకుని, ఒక లోయ దగ్గర ఎర్రచుక్క నిలిచింది. మిగిలిన నలభైమందికీ చుక్క అక్కడే పడింది.

భీమిలి తుఫాను షెల్టరుకి పైడితల్లి వార్డెను. మూడేళ్ల కిందట ఆస్ట్రేలియా పోతున్న ఓడకి నడిసముద్రంలో ఇంజను చచ్చిపోతే, దాన్ని ఇక్కడికి లాక్కొచ్చారు. అందులోంచి దిగిన కుర్దులు వీళ్లు. యుద్ధానికి జడిసి పారిపోతూ, తమని ఎవరూ వెనక్కి పంపకూడదని పాస్‌పోర్టులన్నీ చింపి సముద్రంలో పారేశారు. ఏం తెలివో! ఏడాది తిరక్కుండా యుద్ధం ఆగింది, ఇంటిమీద బెంగ పట్టుకుంది, ఫలానా ఊరివాళ్లమని చూపడానికి కాగితం ముక్క లేదు. వాళ్ల కొండలు నాలుగు దేశాల్లోకి చీలిపోయి ఉన్నాయి. నాలుగు ఎంబసీలూ ‘పక్కవాళ్లని అడిగి చూడండి’ అని ఎంతో మర్యాదగా ఉత్తరాలు రాస్తూ వచ్చాయి. ఆ ఉత్తరాలతో ఒక బియ్యం బస్తా నిండింది.

అప్పుడు నీహారిక విశాఖ నుంచి తన యంత్రాన్ని తెచ్చింది. సంగతి సులువే. కొండరాళ్లలోని స్ట్రోన్షియం నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లు తాగే పిల్లల పంటి ఎనామిల్‌లో చేరి, ఇక చచ్చేదాకా మారదు. ఒక్కో లోయ నీళ్లలో దాని రకాలు ఒక్కో పాళ్లలో ఉంటాయి. మనిషి అబద్ధమాడతాడు గానీ పన్నుకి ఆ విద్య రాదు.

ఎర్రచుక్క పడిన దేశం తరఫున కాన్సల్ ఫరీద్ నాజిమ్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, నలగని సూటు. అతని చెవిలోనూ ఇక్కడివాళ్ల చెవుల్లోనూ ఉన్న అనువాద యంత్రాలు ఒకరి మాటల్ని ఇంకొకరి భాషలో వినిపించాయి.

“మీరు చెప్పమన్నదే ఈ యంత్రం చెబుతుంది. నేను రాజధానిలో పుట్టి పెరిగాను. నా పన్ను చూడండి. రాజధాని అని వస్తే నలభై ఒక్క కాగితాల మీదా ఇప్పుడే సంతకం చేస్తాను.”

పైడితల్లికి ప్రాణం లేచొచ్చింది.

నీహారిక అతని దవడపన్నుకి గొట్టం ఆనించింది. చుక్క వెళ్లి ఆ లోయలోనే కూర్చుంది.

“చూశారా? ఒట్టి బూటకం!” అన్నాడు నాజిమ్, నవ్వుతూ. పైడితల్లి గుండె జారిపోయింది. ఈయన విషయంలో తప్పయితే అందరి విషయంలోనూ తప్పే. ఇక వీళ్లు ఇల్లు చేరినట్టే!

నీహారిక కంగారు పడలేదు. పక్కపన్నుకి గొట్టం ఆనించింది. ఈసారి రాజధాని వచ్చింది.

“మొదట చూసిన పన్ను మూడేళ్లలోపు తయారవుతుందండీ. రెండోది ఆ తరవాత. మూడేళ్లప్పుడు మీరు ఊరు మారారు. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.”

అతను వరండాలోకి వెళ్లి తల్లికి ఫోన్ చేశాడు. మాట్లాడింది రెండు నిమిషాలే. తిరిగొచ్చేసరికి ముఖంలో రక్తం లేదు.

“అమ్మ ఏడుస్తోంది. ఎవరు చెప్పారు నీకు, అంటోంది. నాన్న మిలిటరీ డాక్టరు. తగలబడిన ఊళ్లోంచి నన్ను ఎత్తుకొచ్చాడట.”

ఆ లోయవాళ్లకి వాళ్ల దేశంలో సర్కారు కొలువు ఇవ్వరు. యంత్రం నిజమని సంతకం పెడితే తనూ లోయవాడినేనని ఒప్పుకున్నట్టే, అతని ఉద్యోగం పోతుంది. బూటకమని వెళ్లిపోతే అడిగేవాడు లేడు. అతను కలం మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు.

గులిజార్ టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. అతని భాష ఆవిడకి రాదు గానీ, మూడేళ్లలో భీమిలి తెలుగు బాగా పట్టుబడింది. “తాగు నాయినా, సల్లారిపోద్ది. నువ్వెవులి బిడ్డవో నానెరగను. మా నీలు తాగినోడివి, అంతే సాలు.”

అతను టీ తాగాడు. నలభై ఒక్క సంతకాలూ చేశాడు. పైడితల్లి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

నెల తిరిగేసరికి విమానం వచ్చింది. అంతకుముందే నాజిమ్ ఉద్యోగం ఊడింది, రాజధానిలో పుట్టలేదని తేలి పాస్‌పోర్టు రద్దయింది. అందరితో పాటు తనూ లోయకే పోతానని నలభైరెండో కాగితం రాసుకున్నాడు. దానిమీద కాన్సల్ సంతకం కావాలి. ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీ!

బస్సెక్కే ముందు గులిజార్ పైడితల్లిని వాటేసుకుని ఏడ్చింది. “మూడేళ్లు మాకు కూడెట్టేవు తల్లీ. నీ రునం తీర్సలేం,” అని నాజిమ్ వైపు చూపించింది. “ఈడికీ అలగే ఎట్టు.”

బస్సు మలుపు తిరిగింది. పైడితల్లి నాజిమ్‌ని లోపలికి తీసుకెళ్లి పీట వేసి, చేపల పులుసుతో అన్నం వడ్డించింది. అంతమందిని ఇల్లు చేర్చిన చెయ్యి కదా, ఎంత పెట్టినా ఆమెకి తృప్తిగా లేదు.

“కొత్త కాన్సల్ రావడానికి ఎన్నాళ్లు పడుతుందంటారు?” అని అడిగాడతను.

“ఆ సంగతి మీకే తెలియాల బాబూ,” అంది పైడితల్లి, ఇంకో గరిటె పులుసు పోస్తూ.