పథ్యంలో లేని బీడీ

మిర్యాలగూడలో తెల్లవారుతుండగానే తవుడు అమ్మే సత్తమ్మ బస్తాలు అరుగు మీదికి ఈడ్చింది. ఆ వెంటనే మొగుడికి బీడీ ముట్టించి ఇచ్చింది.

లచ్చయ్య రైసుమిల్లు హమాలీ. బస్తాలు మోసి మోసి గజ్జల్లో పేగు జారితే ఆపరేషనయింది. దొడ్డికి పోయినప్పుడు ముక్కొద్దని, పొగ మానమని డాక్టరు చెప్పాడు. ఈ రెండు మాటలనూ సత్తమ్మ బేరంలా తూచి చూసింది. పొగ మానమన్నది దగ్గొస్తుందని. లచ్చయ్యకు దగ్గు లేదు. బీడీ పడనిదే మాత్రం కడుపు కదలదు, కదలకపోతే ముక్కక తప్పదు. కాబట్టి పొద్దున బీడీ లాభమే అని తేల్చుకుంది.

కుట్లు విప్పినా గాయం మూసుకోలేదు. కోతలనాటికి లేవకపోతే మిల్లు ముఠాలో లచ్చయ్య చోటు ఇంకొకరికి పోతుంది.

"సీము పట్టింది సూడు. వంకాయ పెట్టినవా?" కోడలు సుగుణమ్మను నిలదీసింది సత్తమ్మ.

"చారు తప్ప ఏం పెట్టలే అత్తమ్మా, ఒట్టు."

"ఒట్లు నా కాడ అమ్మకు పిల్లా. తవుడుల ఊక కలిపి ఒట్టు పెట్టేటోళ్లను మస్తుమందిని సూసిన."

"ఆ పిల్ల మీద పడ్తవేందే?" అని గొణిగాడు లచ్చయ్య.

ముగ్గురూ దవాఖానకు వెళ్లారు. డాక్టరు గాయం చూసి, లచ్చయ్య పచ్చబడ్డ వేళ్లు చూశాడు. "పొగ మానలేదు కదూ? పొగ తాగితే నరాలు ముడుచుకుంటాయి, గాయానికి రక్తం చాలదు. ఇక ఎలా అతుక్కుంటుంది? పథ్యం చూసేదెవరు?" అంటూ సుగుణమ్మ వైపు తిరిగాడు. "నువ్వేనా అమ్మా? బీడీలు కూడా నువ్వే ఇస్తున్నావా?"

సుగుణమ్మ తల దించుకుంది. ఒక్క మాటతో బాకీ తీర్చుకోవచ్చు. తీర్చుకోలేదు.

తూము తానే మూసి, మడి ఎండిందని నారును తిట్టినట్టయింది సత్తమ్మకు.

"పిల్లననకు సారూ. ఇచ్చింది నేనే. కడుపు కదుల్తదని."

"దానికి మందు రాస్తాను. పొగ మానితే గాయం మూసుకుంటుంది. కోతలకు మిల్లుకు పోవచ్చు, బరువులు మాత్రం నేను చెప్పాకే."

బయటికొచ్చాక సత్తమ్మ కళ్లు తుడుచుకుంది. "నా పేరెందుకు చెప్పలే బిడ్డా?"

"మామ బాగు కోరే ఇచ్చినవ్ గద అత్తమ్మా."

లచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏమే, ఆఖరుది ఒక్కటి..."

సత్తమ్మ బొడ్లోంచి బీడీ కట్ట తీసి కోడలి చేతిలో పెట్టింది. "గామెనడుగు."

కోడలి ముందు ఏనాడూ బీడీ ముట్టించని లచ్చయ్య, సిగ్గుతో మొహం రోడ్డు మీది బస్సుల వైపు తిప్పుకున్నాడు.