సుద్దకొండ మీద కోతిపూలు

"దిగండి! ముందా గేటు దిగండి!"

గేటు మీద ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి కూర్చున్న నేను తలెత్తి చూశాను. కొండవాలు మీది నుంచి నాలుగు చక్రాల మోటారు బండి ఒకటి తెల్లటి సుద్ద దుమ్ము రేపుకుంటూ వస్తోంది. దాని మీద మోకాళ్ల దాకా బూట్లు వేసుకున్న ఓ అమ్మాయి. జుట్టు ఎర్రగా ఉంది. మొహం ఇంకా ఎర్రగా ఉంది.

"దిగుతాను. లోపలి వైపే దిగుతాను," అన్నాను ధీమాగా. "ఇది మా ఊరి దారి. దీనికి తాళం వేసే హక్కు ఎవరికీ లేదు."

"బోర్డు చదివారా?"

"'ఆంబోతు ఉంది జాగ్రత్త.' చదివాను. నడిచేవాళ్లని బెదరగొట్టడానికి ప్రతి రైతూ పెట్టేదే అది. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఈ కొండల మీద జనాన్ని నడిపిస్తున్నాను. ఇలాంటి ఆంబోతుల్ని చాలా చూశాను. అన్నీ బోర్డు మీదే!"

అని లోపలికి దూకేశాను.

"మహానుభావా," అందామె, గొంతు ఒక్కసారిగా తగ్గించి. "పరుగెత్తకండి. మెల్లగా ఎడమ పక్కకి చూడండి."

చూశాను. ముళ్లపొద వెనక నుంచి గోధుమరంగు గుట్ట ఒకటి లేచి నిలబడింది. దాని ముక్కుకు రింగు ఉంది. ఊపిరి వదిలితే గడ్డి ఊగుతోంది.

ఆమె బండిని తెచ్చి నాకూ ఆంబోతుకీ మధ్య ఆపింది. నేనే ఎక్కానో, ఆమే లాగి కూర్చోబెట్టిందో ఇప్పటికీ గుర్తులేదు.

కొండ పైకి సగం దూరం వెళ్లాక అడిగింది. "పేరు?"

"విల్ఫ్. విల్ఫ్ హాగ్‌బెన్."

బండి ఎంత హఠాత్తుగా ఆగిందంటే నా ముక్కు వెళ్లి ఆమె వీపుకి కొట్టుకుంది.

"కౌన్సిల్లో నా మీద అర్జీ పెట్టిన హాగ్‌బెన్ మీరేనా?"

"మీ మీదా? నేను పెట్టింది మిల్‌స్టెడ్ అనే ఆసామి మీద."

"ఆ ఆసామిని నేనే. హెస్టర్ మిల్‌స్టెడ్."

నిర్ఘాంతపోయాను. మూడు నెలలుగా నేను తిట్టుకుంటున్న మిల్‌స్టెడ్‌కి నా ఊహలో అరవై ఏళ్లు, బట్టతల, చేతిలో లావుపాటి కర్ర. ఈ మనిషికి ముప్పై కూడా ఉండవు. పైగా ఇప్పుడే నా ప్రాణం కాపాడింది.

"ఏమండీ, ఇరవై ఏళ్లు జనం అడ్డులేకుండా నడిచిన దారిని ఎవరూ మూయకూడదు. అది చట్టం," అన్నాను ముక్కు రుద్దుకుంటూ. "ముప్పై ఒక్క మంది సంతకాలున్నాయి. మొదటి సంతకం మా నానమ్మది. పొలం కౌలుకి తీసుకున్న రెండేళ్లకే మీరు గేటు బిగిస్తే మేం చూస్తూ ఊరుకోం."

ఆమె బండి దిగి నా ముందుకొచ్చింది. చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. చెయ్యి చాచింది.

"ఫోన్ ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఫొటోలు తియ్యకుండా. రండి, మీ దారి ఎక్కడ పోతుందో చూపిస్తాను."

హాజెల్ పొదలు దాటాక ఎండ పడే వాలు. వంగి, గడ్డి పక్కకి తీసింది. గులాబీ, తెలుపు కలిసిన పూలగుత్తి. ఒక్కో పువ్వుకి రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక తోక. కొమ్మకు వేలాడుతున్న కోతిపిల్లల్లా ఉన్నాయి.

కోతి ఆర్కిడ్. పుస్తకాల్లో తప్ప చూడలేదు. దేశం మొత్తం మీద నాలుగైదు చోట్ల కూడా మిగలలేదంటారు.

"పదకొండు మొక్కలు," అంది హెస్టర్ గుసగుసగా. "వీటి కోసమే గేటు. ఎవరికైనా తెలిస్తే రాత్రికి రాత్రే తవ్వుకుపోతారు. మీరు పటంలో గీసిన గీత సరిగ్గా వీటి నెత్తి మీది నుంచి పోతోంది. జూన్‌లో విచారణ. మీరు గెలిస్తే ఇక్కడ ప్రతి ఆదివారం నలభై జతల బూట్లు."

"మరి నాకెందుకు చెప్పారు?"

"అందరికంటే ముందు తొక్కేది మీరే కదా!"

ఆ మాట సూటిగా తగిలింది. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను.

తర్వాత రెండు వారాలు బడి వదలగానే కొండెక్కేవాణ్ణి. నేను ఊరి బడిలో చరిత్ర చెబుతాను. కాపలా పేరుతో వెళ్లేవాణ్ణి గానీ, పూలకంటే కాపలాదారునే ఎక్కువ చూసేవాణ్ణి. భరతపక్షులు నెత్తిన పాడుతుంటే గడ్డిలో కూర్చుని ఆమె తెచ్చిన చీజు రొట్టె తినేవాళ్లం. ఒకరోజు వాన పట్టుకుంటే ఇద్దరం ఒకే కోటు కింద నక్కాం.

"కొండ మీది ఆ పాత దిబ్బలో రాజుగారి సమాధి ఉందని నీ ఆదివారం జనానికి చెబుతావట. నిజమేనా?" అంది. మీరు అనడం ఎప్పుడు మానేసిందో గమనించలేదు.

"ఎవరో పెద్దమనిషిది. రాజంటే జనం దగ్గరికొచ్చి వింటారు."

"అబద్ధాలకోరు!"

"నీ బోర్డు మీది ఆంబోతు నిజమైంది కాబట్టి ఆ మాత్రం అనొచ్చులే."

నవ్వింది. కోటు చిన్నది. వాన ఇంకాసేపు పడితే బాగుండనిపించింది. కానీ అర్జీ వెనక్కి తీసుకుంటానని మాత్రం చెప్పలేకపోయాను. ముప్పై ఒక్క మంది నన్ను నమ్మి సంతకం చేశారు. ఆమె అడగలేదు. అడగకపోవడమే గుచ్చుకునేది.

శనివారం ఉదయం ఫోన్ మోగింది.

"రా," అంది. అంతే.

పరుగున వెళ్లాను. వాలు మీద మూడు గుంటలు, శుభ్రంగా, పారతో తవ్వినట్టు. పదకొండులో ఎనిమిదే మిగిలాయి.

"ఈ చోటు తెలిసిన మనిషివి నువ్వొక్కడివే," అంది హెస్టర్. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నేను ఎవరికీ చెప్పలేదు. ఒట్టు."

"ఒట్టు అప్పుడూ వేశావు."

"నేనే తవ్వాననుకుంటున్నావా?"

"ఏమనుకోవాలో తెలియడం లేదు, విల్ఫ్. వెళ్లిపో. దయచేసి వెళ్లిపో."

కొండ ఎలా దిగానో తెలియదు. శనివారం మధ్యాహ్నం భోజనం నానమ్మ దగ్గర. అలవాటుగా కాళ్లే అటు తీసుకెళ్లాయి. మా నానమ్మ మేబెల్‌కి ఎనభై నాలుగు. కొండ మొదట్లో చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది, ఎవరి మాటా వినదు.

వంటింట్లోకి అడుగుపెట్టి కొయ్యబారిపోయాను.

కిటికీ దగ్గర మూత పోయిన పాత టీపాట్. అందులో మూడు కోతి ఆర్కిడ్లు.

"నానమ్మా! ఇవెక్కడివి?"

"కొండ మీదివి," అంది బంగాళదుంపల తొక్క తీస్తూ. "బాగున్నాయి కదూ? మా చిన్నప్పుడు కోతిపిల్లలు అనేవాళ్లం. నిన్న సాయంత్రం తెచ్చాను."

"ఎందుకు తెచ్చావు?"

"నీ కోసమేరా వెర్రినాగన్నా! రెండు వారాలుగా బూట్లకి సుద్ద పూసుకుని, మొహాన నవ్వు పూసుకుని తిరుగుతున్నావు. తిండి ధ్యాస లేదు. పిల్లెవరో అడిగితే చెప్పవు. ఉత్త చేతులతో వెళుతున్నావేమో, ఇవిస్తే కాస్త కరుగుతుందని."

కుర్చీలో కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇది నేరం నానమ్మా. వీటిని తవ్వితే జైల్లో వేస్తారు!"

"జైలా?" నానమ్మ చేతిలో కత్తి ఆగింది. "పువ్వులకా?"

"అయినా తాళం వేసిన గేటు ఎలా దాటావు? లోపల ఆంబోతు ఉంది!"

"గేటుతో నాకేం పని? మనూరివాళ్లెవరూ ఆ గేటు వైపు నుంచి వెళ్లేవాళ్లు కాదే! పాత సుద్దగని అంచు పట్టుకునే పోయేవాళ్లం. అదే కదా దారి."

"మరి అర్జీ పటంలో..."

"పటం నువ్వు గీశావు. సంతకం పెట్టమన్నావు, పెట్టాను. దారెటు పోతుందని నన్నెప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ముప్పై ఒక్క మందిలో ఒక్కరినీ అడగలేదు. పుస్తకంలో ఓ పాత గీత చూసి, అదే అనుకుని, నా తెలివికి మురిసిపోతూ గీసేశాను. ఆ పూట తిన్న దెబ్బల్లో ఇదే పెద్దది.

టీపాట్ అక్కడే వదిలేసి ఊరుకోవచ్చు. హెస్టర్‌కి ఎప్పటికీ తెలియదు. కానీ ఆమె 'వెళ్లిపో' అన్నప్పటి మొహం కళ్లముందు నుంచి కదలలేదు.

"కోటు వేసుకో నానమ్మా."

హెస్టర్ తలుపు తీసింది. ముందు నన్ను, తర్వాత టీపాట్‌ని చూసింది. మొహం పాలిపోయింది.

"నేను చెప్పలేదు," అన్నాను. "కానీ తవ్వింది మా ఇంట్లోనే. ఈవిడ మా నానమ్మ. పోలీసుల్ని పిలుస్తానంటే పిలువు. తప్పు నాదని చెబుతాను."

"నోర్ముయ్," అంది నానమ్మ నన్ను పక్కకి నెట్టి. "అమ్మాయ్, తవ్వింది నేను. వీడు నోరు తెరిచి నీతో ఏమీ చెప్పుకోలేడని, నీకిప్పించడానికే తవ్వాను. నీ పూలు తవ్వి నీకే తెస్తున్నానని నాకేం తెలుసు?"

హెస్టర్ చూపు నానమ్మ మీది నుంచి నా మీదికి తిరిగింది.

"నాకా?"

"మరి ఆంబోతుకా?"

ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. నవ్వుతోంది. కళ్లనీళ్లు కారుతుండగా నవ్వుతోంది.

"వేళ్లకి మట్టి ఉంచారా?" అంది కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ.

"అరవై ఏళ్లు తోటపని చేశాను. మట్టి దులిపి తవ్వుతానా?"

ఆ సాయంత్రమే మూడింటినీ వాటి గుంటల్లోనే నాటాం. నానమ్మ కర్ర పొడుచుకుంటూ ముందు నడిచి అసలు దారి చూపించింది. గని అంచున, గడ్డి కింద గట్టిగా తొక్కిన సుద్దబాట. పూలకి నలభై అడుగుల అవతల. కొండ కొసకి చేరేసరికి కింద పొలాలన్నీ, దూరంగా సముద్రం.

"ఈ దారికి తాళం వెయ్యను," అంది హెస్టర్. "మధ్యలో కంచె మాత్రం కడతాను."

మర్నాడే ముప్పై ఇళ్ల తలుపులు తట్టి నా తప్పు ఒప్పుకున్నాను. పూల మాట ఎత్తలేదు. "పిల్లను చూసి గీత మార్చాడురా," అని ఒకరిద్దరు మొహం మీదే అన్నారు. ముసలివాళ్లు మాత్రం, "అవును, గని అంచే కదా, ఇంకెటు?" అని నన్నే వింతగా చూశారు. గని అంచు దారితో కొత్త పటం గీసిస్తే హెస్టర్ ఒప్పుకుని సంతకం చేసింది. విచారణ అవసరమే లేకపోయింది.

తిరిగి నాటిన మూడింట్లో ఒకటి వాడిపోయింది. దాని గురించి ఆమె నన్నొక్క మాటా అనలేదు.

జూన్ రెండో ఆదివారం గని దారిన మొదటి నడక. నలభై మంది వచ్చారు. నానమ్మ మడత కుర్చీ తెప్పించుకుంది. కొండ కొసన నిలబడి రోమన్ల గురించి చెబుతున్నాను. వెనక వరసలో హెస్టర్ చెయ్యెత్తింది.

"గైడుగారూ, ఒక సందేహం. మీరు నన్ను పెళ్లి చేసుకుంటారా?"

నలభై మందీ నా వైపు తిరిగారు. ఆ మాట నేను చెప్పాలని వారం రోజులుగా అద్దం ముందు సాధన చేస్తున్నాను. అందులో ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"ఇక్కణ్ణించి... సముద్రం కనిపిస్తుంది," అన్నాను.

"అదా జవాబు?"

"కాదు. అంటే, అవును."

"ఏది అవును?"

"నువ్వేది అడిగితే అది అవును!"

నానమ్మ చప్పట్లు కొట్టింది. అందరూ అందుకున్నారు. హెస్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చొక్కా కాలరు సర్దింది. సర్దిన కాలరునే మళ్లీ సర్దింది.

"అయితే సరే," అంది మెల్లగా. "రేపటి నుంచి గొర్రెలకి ఉన్ని కత్తిరింపు. పొద్దున్నే ఆరింటికల్లా వచ్చెయ్."

అయిదింటికే వెళ్లాను.