తాత మాట తడబడింది

పూరీ గేట్ దగ్గర వాన మొదలైతే సైకిళ్ల మీదున్న వాళ్లందరికీ ఒక్కసారిగా తొందర పుడుతుంది. 1988 జూలైలో ఒక సాయంత్రం అలా తొందరపడిన వాళ్లలో వెంకటసుబ్బయ్య ఒకడు. బ్రేకు పట్టలేదు. గొడుగు వేసుకుని ఎదురొస్తున్న అమ్మాయిని తప్పించబోయి, ఆమె చేతిలోని క్యారియర్‌ని గుద్దేశాడు. మూత ఊడి, జావంతా రోడ్డు మీది వాననీళ్లలో కలిసిపోయింది.

“ఏటండీ ఇది? కళ్లు ఇంటికాడ ఎట్టేసి వచ్చినారా?”

“సారీ అండీ... ఏటి? ఏ ఏరు?”

“ఏరూ లేదు, వాగూ లేదు! జావ ఒలికిపోనాది. ఇప్పుడు తాత ఏటి తింటాడో మీరే సెప్పండి.”

తెనాలి నుంచి పరాయి రాష్ట్రంలోని ఈ రైల్వే ఊరికి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి మూడేళ్లయినా, అతను హాస్టల్ దాటి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల మాట విన్నది లేదు. సగం అర్థమైంది. మిగతా సగం ఆమె కళ్లు చెప్పాయి. పక్క కొట్లో బ్రెడ్డు, పాలు కొని తెచ్చాడు.

“నాకెందుకిస్తన్నారు? మీరే పట్టుకొచ్చి, ఎందుకు లేటయిందో తాతకి సెప్పండి,” అంది. పేరు సూసన్న అని దారిలో తెలిసింది.

తాత పేరు సమూయేలు. ఇరవయ్యారేళ్లు రైలింజను నడిపి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చెయ్యితో పాటు మాటలూ చెల్లాచెదురయ్యాయి. ఒకటి అనబోతే ఇంకొకటి వచ్చేది. సూసన్నకి ఆయన చుట్టమేమీ కాదు. చనిపోయిన ఆమె తండ్రి ఒకప్పుడు ఆయన ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశాడు, అంతే. పొద్దున చర్చి స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పి, సాయంత్రం నాలుగింటికి ఆయన గదికి వచ్చేది.

తాత బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తిన్నాడు. “సిగ్నల్ బాగుంది,” అన్నాడు తృప్తిగా.

“బ్రెడ్డు బాగుందంటన్నాడు,” అంది సూసన్న.

తాత వెంకటసుబ్బయ్యని కిందనుంచి పైదాకా చూశాడు. “గూడ్సు,” అన్నాడు.

“నేను గూడ్సా? అంటే ఏమిటండీ?”

“నాకూ తెలీదు. లేటుగా వచ్చినారని కాబోలు,” అని సూసన్న కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు అతనితో పాటు హాస్టల్‌కి వచ్చింది. మర్నాడు క్లాసు అవగానే సైకిలు తనంతట తానే పూరీ గేట్ వైపు తిరిగింది. ఆ తర్వాత రోజూ అంతే.

అతని పరిస్థితి అప్పటికే గందరగోళంగా ఉంది. రెండు పేపర్లు తప్పాడు. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క ఎక్కడం లేదు. ఈ చదువెందుకు, చదివి ఎవరికేం చెయ్యాలి అని అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. దానికి తోడు ఇప్పుడీ సూసన్న. ఒకరోజు కబుర్లాడేది, ఒకరోజు ముభావంగా ఉండేది. ఒకసారి లూకా అనే కుర్రాడు ఆమెని సైకిల్ మీద తెచ్చి దింపాడు. ఎవరని అడగడానికి వెంకటసుబ్బయ్యకి నోరు రాలేదు.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం ఆమే అడిగింది. “ఒక మాట అడుగుతాను, నిజం సెప్పాలి. రోజూ ఎందుకు వస్తన్నారు?”

వెంకటసుబ్బయ్య కంగారు పడ్డాడు. “తాత కోసం,” అనేశాడు.

“తాత కోసమేనా?”

“తాత కోసమే!”

“మంచిదే,” అని సూసన్న గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది. అది మెచ్చుకోలో, అలకో తెలియక అతను ఆ వానలో చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

“తాతా, సూసన్న ఏదీ?”

తాత మొహం వెలిగింది. ఎడమచేత్తో గాలిలో ఏదో ఊపాడు. “సూసన్న... పెళ్లి! పెళ్లి! లూకా... బండి...”

వెంకటసుబ్బయ్య ఆయన కుర్చీ ముందు చతికిలబడ్డాడు. “పెళ్లి అంటే పెళ్లేనా? బ్రెడ్డుని సిగ్నల్ అనే మనిషివి నువ్వు. సరిగ్గా చెప్పు తాతా.”

తాత గట్టిగా తలూపాడు. ఆయన దేనికైనా తలూపుతాడు.

పక్కింటి కృపమ్మని అడిగాడు. “తల్లీకూతుళ్లు వైజాగ్ ఎల్పోనారు బాబూ, అక్క ఇంటికి. తాతకి వండి పెట్టమని నాకు సెప్పి పరుగెట్టింది పిల్ల. అంతా శుభమే,” అని ఆమె నవ్వింది. ఆ శుభమేమిటో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు నాలుగైంది. ఇంకెందుకు వెళ్లాలి అని మంచం మీదే పడుకున్నాడు. అయిదైంది. కిటికీ బయట వాన హోరుమంటోంది. తాత కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చునే అలవాటు గుర్తొచ్చింది. అయిదున్నరకి లేచి, తడుస్తూనే వెళ్లాడు.

తాత గుమ్మంలోనే ఉన్నాడు. మోకాళ్ల దాకా జల్లుకి తడిసి ఉన్నాడు. కృపమ్మ లోపలికి రమ్మని ఎంత బతిమాలినా కదల్లేదట. వెంకటసుబ్బయ్యని చూడగానే, “బొగ్గు! గార్డు! లైన్ క్లియర్!” అని తిట్టాడు. తిడుతూ తిడుతూ ఏడ్చాడు.

ఆయన ఎదురు చూసింది సూసన్న కోసం కాదు. తన కోసం. అంతవరకూ ఎవరూ తనకోసం అలా గుమ్మంలో కూర్చోలేదు. అతను తువ్వాలు తెచ్చి తాత కాళ్లు తుడిచాడు.

ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు. సూసన్న గురించిన దిగులు దిగులుగానే ఉంది. నాలుగింటికి సైకిలు తియ్యడం మాత్రం ఆగలేదు.

ఒక ఆదివారం తాత కళ్లు మూసుకుని చర్చి పాట ఒకటి పాడుతున్నాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట తప్పలేదు! వెంకటసుబ్బయ్య ఉలిక్కిపడ్డాడు. మామూలుగా రాని మాట పాటలో ఎలా వస్తోంది? అతనికి అంతుపట్టలేదు. అయినా ఆ వరస పట్టుకుని, “మంచి... నీళ్లూ...” అని రాగం తీశాడు. తాత వింతగా చూసి, తనూ తీశాడు. రాగంలో వచ్చింది. రాగం లేకపోతే, “ప్లాట్‌ఫారం” అనేవాడు.

పదకొండు రోజులు అలాగే పాడారు. కృపమ్మ, “ఇది ఇల్లా, భజన మందిరమా?” అని విసుక్కుంది. పన్నెండో రోజు తాత మోకాలి మీద తాళం వేసుకుంటూ, మెల్లిగా, “మంచినీళ్లు ఇయ్యి,” అన్నాడు.

వెంకటసుబ్బయ్య పరుగెత్తి గ్లాసు నింపాడు. తొందరలో సగం నేల మీద పోశాడు. హాస్టల్‌కి తిరిగొస్తుంటే ఒక సంగతి స్ఫురించింది. ఆ రోజు సూసన్న ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తను సంతోషంగా ఉన్నాడు.

ఆ వారమే సూసన్న వచ్చింది. తాత, “చెంబు ఇయ్యి,” అనడం గుమ్మంలోంచి విని, “ఇదేటి! తాత మాటాడతన్నాడు!” అని అరిచినంత పని చేసింది.

వెంకటసుబ్బయ్య బిగుసుకుపోయి లేచి నిలబడ్డాడు. “శుభాకాంక్షలండీ.”

“దేనికి?”

“మీ పెళ్లికి.”

“నాకా? ఎవుడితోటి?”

“లూకాతో. తాత చెప్పాడు.”

సూసన్న నోరు తెరిచింది. గడప మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. “లూకా మా అన్నండీ! ఆ రోజు మమ్మల్ని బండెక్కించినాడు. వైజాగ్‌లో మా అక్కకి నెలలు నిండకముందే పిల్ల పుట్టింది. పిల్లండీ బాబూ, పెళ్లి కాదు! ఎల్తా ఎల్తా తాతకి సెప్పినాను, మీకు సెప్పమని.”

“అదే కదా! పెళ్లి!” అన్నాడు తాత కోపంగా.

వెంకటసుబ్బయ్యకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సూసన్న నవ్వు ఆపి అతని వైపు చూసింది.

“నాకు పెళ్లైపోనాదనుకుని కూడా రోజూ వచ్చినారా?”

“వచ్చాను.”

“ఎందుకు?”

“మొదట్లో మీకోసమే వచ్చేవాణ్ణి. ఆ రోజు అబద్ధం చెప్పాను. తర్వాత మీరు లేరు. నేను రాకపోతే తాత గుమ్మంలోనే కూర్చుంటాడు. అందుకని వచ్చాను. ఇప్పుడు మీరొచ్చారు. మీరు నన్ను వద్దన్నా తాత దగ్గరికి వస్తాను, కానీ మీరు వద్దంటే... అంటే, మీరు రమ్మంటే... సరిగ్గా చెప్పలేకపోతున్నాను.”

“తాత కన్నా నయమే,” అంది సూసన్న. తలొంచుకుని పైట చివర మడతపెట్టింది. “ఆ రోజు మీరు తాత కోసమే అన్నారు సూడండి... వైజాగ్ దాకా రైల్లో ఏడిసినాను. అక్క గురించి బెంగనుకుంది అమ్మ.”

ఆదివారం ఆమె తల్లి దేవమణి అతన్ని భోజనానికి పిలిచింది. చేపల పులుసు వడ్డిస్తూ సూటిగా అడిగింది. “ఏటి సేద్దామనుకుంటన్నావు బాబూ?”

“తప్పిన పేపర్లు రాసి డిగ్రీ పూర్తి చేస్తానండి. మైసూరులో మాట పోయినవాళ్లకి మాట నేర్పే చదువు ఒకటుందట, లైబ్రరీలో చూశాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి తీసుకుంటారో లేదో తెలీదు. మా నాన్న ఒప్పుకుంటారో తెలీదు. మేము చర్చికి వెళ్లేవాళ్లం కాదు, దానికి మీరేమంటారో అదీ తెలీదు.”

“అన్నీ తెలీదంటన్నావు, మా పిల్లని అడుగుతన్నావు!”

“అదొక్కటీ తెలిసే అడుగుతున్నానండి.”

దేవమణి అతని కంచంలో ఇంకో ముక్క వేసింది. “ముందు పరీచ్చలు పాసవ్వు. మీ నాన్నకి నువ్వే ఉత్తరం రాయి, ఏదీ దాసకుండా రాయి. ఇటు పక్క నేను సూసుకుంటాను.” పులుసు గిన్నె పక్కన పెడుతూ, “ఈ ఊళ్లోనే నిమ్‌పురాలో నూకాలమ్మ అని ఒకావిడ ఉంది. ఆవిడికీ మాట పడిపోయి ఆర్నెల్లు. ఓసారి సూస్తావా?” అంది.

మర్నాడు సూసన్నా, అతనూ నిమ్‌పురా వెళ్లారు. నూకాలమ్మ గోడకి ఆనుకుని శూన్యంలోకి చూస్తూ కూర్చుంది. వెంకటసుబ్బయ్య తనకి తెలిసిన రాగాలన్నీ తీశాడు. ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు. అరగంట గడిచింది.

“నాకేం తోచడం లేదు,” అన్నాడు సూసన్నతో చిన్నగా.

సూసన్న నూకాలమ్మ కోడలి వైపు తిరిగింది. “మనవల్ని నిద్దరపుచ్చడానికి అత్తమ్మ ఏటి పాడేది?”

కోడలు సిగ్గుపడుతూ ఒక జోలపాట ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర నూకాలమ్మ తల తిరిగింది. పెదవులు కదిలాయి. గొంతులోంచి గీరుకుంటూ ఒక సన్నటి కూత బయటికొచ్చింది.

వెంకటసుబ్బయ్య మోకాళ్ల మీద ముందుకి జరిగాడు. సూసన్న ఎప్పుడు తన చెయ్యి పట్టుకుందో అతను గమనించలేదు. గమనించాక కదల్లేదు.

“ఇంకోసారి పాడమ్మా,” అన్నాడు కోడలితో.