ఎముకలు తీసిన పళ్ళెం

"ఎక్కడున్నావ్?"

ఫోనులో భర్త గొంతు వినగానే ఆమె చేతిలో పట్టకారు ఆగిపోయింది. ఎందుకంటే ఆ గొంతు ఫోనులోంచే కాదు... వంటగదిలోంచి పళ్ళేలు అందించే కిటికీ అవతలి నుంచి కూడా వినిపిస్తోంది! ఆరడుగుల దూరంలో, మూడో బల్ల దగ్గర, ఆమె భర్త వీపు. అతనికెదురుగా అత్తయ్య, మెనూ కార్డుతో విసురుకుంటూ.

ఆమె గోడకు నక్కింది. "షాపులోనేనండీ..."

"ఆదివారం కూడా ఏం షాపు? అమ్మని భోజనానికి బయటికి తీసుకొచ్చాను. బస్టాండు పక్కన బార్ అండ్ గ్రిల్ లేదూ, అక్కడికే. వెనకవైపు ఫ్యామిలీ హాలుందిలే. నువ్వూ రా."

"స్కూలు యూనిఫారాలు రేపటికి ఇవ్వాలి... మీరు కానివ్వండి."

"ఏమిటా చప్పుడు? చుయ్‌మంటోంది?"

నిప్పుల మీద కొవ్వు కారి చుయ్‌మంటోంది మరి! "ఇస్త్రీ అండీ... బట్టల మీద నీళ్ళు చల్లుతున్నారు."

ఎంత సులువుగా వచ్చింది అబద్ధం! భర్తంటే భయం ఆమెకు కొత్త కాదు. కానీ ఇవాళ తన నాలుకంటేనే భయమేసింది.

పద్నాలుగు నెలలైంది. ఇంట్లో అందరి దృష్టిలో ఆమె టైలరు షాపులో గుండీలు కుడుతోంది. నిజానికి ఇక్కడ అంట్లు తోమడానికి చేరింది. ఒకరోజు వంట మాస్టరు రాలేదు. ఎవరో ఆమె చేతికి పట్టకారు ఇచ్చారు. అంతే... ఆ నిప్పుల ముందు నిలబడితే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని మనిషి ఒకతె తనలో ఉందని తెలిసింది. ఆ మనిషిని వదులుకోలేకపోయింది. అయితే ఒకసారి అన్నం తింటూ భర్త అన్నాడు, ఎవరి గురించో: "బారులో పనిచేసే ఆడదాన్ని ఇంట్లో ఉంచుకునేవాడికి సిగ్గుండాలి." పక్కనే ఉన్న అత్తయ్య తలూపింది. ఆ తలూపడం ఆమె కలల్లోకి వచ్చేది!

"తల్లీ, మూడో బల్లకి రెండు కోడి కాళ్ళు!" ముసలి సర్వరు కేకేశాడు. "సారుకి ప్రమోషనట. మొహం చూస్తే మాత్రం ఉద్యోగం పోయినవాడిలా ఉన్నాడు."

ఆమెకు నవ్వు రాలేదు. చెవులు హాల్లోనే ఉన్నాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక కాలును పళ్ళెంలో పెట్టింది. రెండోదాన్ని... కత్తితో ఎముక వెంట చీరింది, మాంసాన్ని సన్నగా పీచులు పీచులుగా విడదీసింది, దాని రసమే దాని మీద పోసి మెత్తబడేలా వేళ్ళతో అదిమింది. రోజూ చేసే పనే. ఇంట్లో, అత్తయ్యకి.

"ఇదేంటి, పసిపిల్లకి పెట్టినట్టు..." అంటూ సర్వరు పళ్ళేలు ఎత్తుకుపోయాడు.

అప్పుడు తెలిసింది ఆమెకు, తను ఏం చేసిందో! "ఆగు బాబాయ్!" అనబోయింది. అప్పటికే అతను హాల్లోకి వెళ్ళిపోయాడు.

అత్తయ్య కింది పళ్ళు గడిచిన చలికాలంలో పీకించుకుంది. కట్టుడు పళ్ళు ఒరుసుకుంటాయని తీసి రుమాల్లో చుట్టుకుంటుంది. కొడుక్కి తెలియకూడదని ఒట్టు. వాడి ముందు "ఆకలి లేదురా" అని, వాడు వెళ్ళాక వంటింట్లో కోడలి పక్కన కూర్చుని తింటుంది. ఈ లోకంలో ఆవిడకి ఇలా మాంసం విడదీసి పెట్టేది తనొక్కతే. ఆ సంగతి తెలిసిందీ అత్తయ్య ఒక్కదానికే.

"ఏమయ్యా! నేనడిగిందేంటి, నువ్వు తెచ్చిందేంటి? ఎవరో తిని వదిలేసినట్టుంది!" భర్త గొంతు లేచింది. "వండినవాణ్ణి పిలు. లేకపోతే నేనే లోపలికి వస్తా!"

కుర్చీ కీచుమంది. వెనక తలుపు మూడడుగుల దూరంలో ఉంది. పారిపోవచ్చు... ఎక్కడికి? కిటికీ అంచులోంచి చూసింది. అత్తయ్య పళ్ళెంలోకే చూస్తోంది. ఆ కళ్ళు మెల్లగా లేచాయి... కిటికీ దగ్గర ఆగాయి. చూసేసింది!

అయిపోయింది, అనుకుంది ఆమె. ఆ రోజు తలూపిన మనిషే కదా!

"కూర్చోరా," అంది అత్తయ్య. "నేనే అలా పెట్టమన్నాను."

"నువ్వా? ఎప్పుడు?"

"నువ్వు ఫోన్లో ఊరేగుతున్నప్పుడు."

"ఎందుకమ్మా?"

అత్తయ్య చుట్టూ చూసింది. పక్క బల్లవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. వేలితో కింది పెదవి లాగి, అందరి ముందూ చూపించింది. "ఇందుకు. పళ్ళు లేవురా నాకు."

కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్నూ ముసలివాళ్ళ జాబితాలో రాసేస్తావుగా!" నవ్వబోయింది.

"మరి ఇన్నాళ్ళూ ఇంట్లో... ఎవరు..."

అత్తయ్య నోరు మూసుకుంది. చచ్చినా చెప్పదు. ఆ మూసుకున్న నోరు చూడలేకపోయింది ఆమె. తన కోసం ఆవిడ ఇంత సభలో సిగ్గు విడిచింది! ఇంకా దాక్కుంటే తనూ ఒక మనిషేనా?

ఏప్రను విప్పకుండానే తలుపు తోసుకుని వచ్చింది.

"నేనేనండీ. ఇంట్లో నేనే... ఇక్కడా నేనే."

అతను ఆమె మొహం చూశాడు, మసి అంటిన చేతులు చూశాడు. అతని మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. ఆ నరం ఆమెకు తెలుసు. తల పక్కకు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"ఇంటికి పద," అన్నాడు, చాలా నెమ్మదిగా.

"పని ఉందండీ. ఐదింటికి వస్తాను." ఏప్రను అంచు పిడికిట్లో నలిగింది. మాట మాత్రం పూర్తయింది.

అతను లేచాడు. ఆమె కళ్ళు మూసుకుంది...

"లేస్తే లే. బయట నిలబడు," అంది అత్తయ్య. "నేనింకా తినలేదు. నా పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నన్నెవరూ కదపలేరు."

అతను నిలబడే ఉన్నాడు. వెళ్ళనూ లేదు, కూర్చోనూ లేదు.

అత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కొడుకు ముందు... ఇన్ని నెలల తర్వాత! నిదానంగా చిగుళ్ళతో నములుతూ, కోడలి వైపు చూడకుండానే అంది:

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేంటే? పొయ్యి దగ్గర ఎవరూ లేరు. మాడిపోతాయి, వెళ్ళు."