కార్డు లాగినప్పుడల్లా

వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున, జాలర్ల సంఘం వైర్‌లెస్ గదిలో మధ్యాహ్నం మూడింటికి కూర్చున్నాను. ఎండుచేపల వాసన. ఉక్క. తూర్పున ఆకాశం మసిబట్టిన గిన్నెలా ఉంది. ఫోన్లు అందనంత లోపల పదకొండు పడవలున్నాయి. వాళ్లకి తుఫాను కబురు చెప్పాలి. మాట పాత లాప్‌టాప్ పక్క గాడిలో ఉన్న సౌండ్ కార్డు గుండానే వైర్‌లెస్‌కి పోవాలి; రెండు రోజులుగా అందులోంచి గరగర తప్ప మాట పోవడం లేదు. అది తీసి, నెల్లూరులో నేను పనిచేసే రిపేరు షాపు నుంచి తెచ్చిన కొత్తది పెట్టాలి. రెండు నిమిషాల పని.

కార్డు లాగాను. తెర నీలంగా మారి సిస్టమ్ ఆగిపోయింది.

పూర్తిగా ఆపేసి మార్చాను. కొత్త కార్డుతో అసలు ఆన్ కాలేదు. పాతది పెడితే అయింది. సెట్టింగుల్లో దాన్ని ఆపి లాగాను. నీలం. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించి లాగాను. నీలం. పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, అరచెయ్యంత కార్డు దగ్గర ఓడిపోతున్నాను. ఒళ్లు మండిపోయింది.

"ఏందక్కా, ఇంకా కాలేదా?" అంది గంగాభవాని. పడవలతో మాట్లాడేది ఆమే. అంతకుముందు ఆమె భర్త పెంచల్ మాట్లాడేవాడట. ఆర్నెల్ల కిందట ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయాడట.

"ఎందుకు ఆగిపోతోందో తెలిస్తే కదా!" అని విసుక్కుని, మళ్లీ ఆన్ చేసి లాగాను.

ఈసారి తెర నీలమయ్యే ముందు స్పీకర్లో... ఎవరో ఊపిరి పీల్చారు.

"తీయొద్దు..."

మగ గొంతు.

స్పీకర్ తీగ పీకేశాను. ఆన్ చేశాను. లాగాను.

"తీయొద్దు..."

తీగ నా చేతిలోనే ఉంది.

"మా ఆయన..." గుసగుసగా అంది గంగాభవాని.

బయట గాలి లేచింది. పైన రేకులు దడదడలాడాయి. ఆమె వచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టింది.

"పదకొండు పడవలుండాయి నీళ్లలో. మా తమ్ముడు కూడా ఉండాడు. ఇంక చాల్లేయ్యా... వదులు."

కార్డు తనే లాగింది.

తెర నీలం కాలేదు.

కొత్త కార్డు పెట్టాను. పని చేసింది. ఆమె ఏడుస్తూనే మైకు అందుకుని కబురు చెప్పింది. ఒక్కో పడవా బదులిచ్చింది. నేను గబగబా సామాను సర్దుకున్నాను. చివరి పడవలోంచి చిన్నపోలయ్య అనే జాలరి పలికాడు.

"వినబడిందమ్మా, వెనక్కి తిరిగినాం. అవునుగానీ... నీ పక్కన మాట్లాడతా ఉండే ఆ మొగ మనిషెవరు? మెర్లిన్‌ని పోనియ్యొద్దని చెప్పమంటా ఉండాడు."

గంగాభవాని నా వైపు తిరిగింది.

"మెర్లిన్ ఎవరక్కా?"

ఆ ఊళ్లో నా పేరు నేనింకా ఎవరికీ చెప్పలేదు.