డొల్ల మోత

బొగ్గుగని కాలనీలోని పాత కమ్యూనిటీ హాల్లో ఆ సాయంత్రం రిహార్సలు. కరెంటు అప్పుడే పోయింది. తలుపులోంచి జారే ఎర్రటి ఎండ తప్ప వెలుతురు లేదు.

గ్రీకుల తీరు నాటకం ఆడుదామని పట్టుబట్టింది వినోద.

"మేకను బలిచ్చి పాడిన పాటల్లోంచే వాళ్ల నాటకం పుట్టిందంటరు మల్లక్కా."

"గింతేనా? మన పోచమ్మ కాడ ఏటా పుడుతనే ఉంటది. రాసిపెట్టెటోడే లేకపాయె!" అన్నది మల్లక్క. కథ చూసుకుంట వంత పాడే గుంపు, కోరస్‌కు ఆమెనే పెద్ద.

దూత వేషం రామచంద్రానిది. వినోద మొగడు సంపత్‌తో ఒక్క షిఫ్టులో గనిలోకి దిగినోడు. పైకప్పును కట్టెతో కొట్టి చూసుడు అతని పని. గట్టిగా మోగితే మంచిది. డొల్లగా మోగితే ఎవరూ దానికిందికి పోవద్దు. సంపత్ మీద కప్పు కూలిననాడు, "కొట్టి చూసిన చెల్లె, గట్టిగనే మోగింది. రాత గట్లుంది," అని వినోద ముందర వెక్కివెక్కి ఏడ్చిండు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె బతుకుతున్నది.

గ్రీకులు చావును స్టేజీ మీద చూపరు. చచ్చేటోడు తలుపు లోపలికి పోతడు, కేక వినపడుతది, దూత బయటికొచ్చి జరిగింది చెప్తడు. అతని మాటే నమ్మాలె. చూసినోడు ఇంకొకడు ఉండడు గదా.

"రామచంద్రం ఏడి?" వినోద అడిగింది.

"వస్తడు తియ్యి. సింగారంల మొగోళ్లు మనకంటె ఎక్కువ."

వెనుక గదిలో టక్... టక్... కట్టెతో కొట్టిన చప్పుడు. తడిసిన బొగ్గు వాసన.

ఆ గది తలుపు తెరుచుకుంది. దూత మాస్కు కట్టుకుని ఎవరో నిలబడ్డరు. పాత పేపర్లు, చింతగింజల జిగురుతో వినోదే చేసిన మాస్కు. గ్రీకుల తీరుగా నోరు తెరిచి ఉంది.

"వచ్చినవా అన్నా? మొదలుపెట్టు."

"వాడు కొట్టలే."

నాటకంలో లేని మాట.

"వాడు కొట్టలే వినోదా. కొట్టిన, మంచిగుంది, పో... అన్నడు. నేను పోయిన."

ఆ గొంతు... సంపత్‌ది. మాస్కు మెల్లగా వెనక్కి తిరిగింది. తలుపు మూసుకుంది. ఆ గదికి ఇంకో తోవ లేదు.

ముందు వాకిట్లో చెప్పుల చప్పుడు.

"జర లేటైంది చెల్లె, బస్సు దొరకలే." రామచంద్రం!

వినోద అతని ముందరికి పోయింది. "అన్నా, ఆ దినం కప్పు కొట్టినవా?"

"మల్ల గదేనా? ఒట్టు, కొట్టిన." నవ్విండు. కండ్లు మాత్రం నేలను చూసినయి.

లోపల... టక్. డొల్లగా.

వీన్నే వినోద అన్నా అని పిలిచింది. గీ నోటితోనే... ఇన్నేండ్లు.

"నీ మాస్కు లోపల ఉన్నది. కట్టుకో పో."

"చీకటుంది గదా చెల్లె?"

"కొట్టి చూసిన అన్నా. మంచిగుంది. పో."

మల్లక్క ఒక్క అడుగు ముందుకేసి ఆగింది. కోరస్ చూస్తది, ఆపదు.

అతను పోయిండు. తలుపు మూసుకుంది. ఇద్దరూ కేక కోసం చూసిండ్రు. కేక రాలే.

కొంచెం సేపటికి తలుపు దానంతటదే తెరుచుకుంది. గడప మీద మాస్కు. ఒక్క మాస్కే. గదిలో రామచంద్రం లేడు.

వినోద తెరిచి చేసిన నోరు... మూసుకుని ఉంది.